ఒకటో నంబరు టోకెన్‌దారు కాంటాకు రాని సంగతి

కేసముద్రం,
9-11-2011.

శ్రీయుత ప్రత్యేకాధికారి గారికి,
భూలక్ష్మి రైతు సహకార విక్రయ సంఘం,
క్యాంపు: వరంగల్.

అయ్యా,

విషయం: కొత్త కంప్యూటరు పద్ధతిలో ఒకటో నంబరు టోకెన్ పొందిన సభ్యుడు కాంటాకు హాజరు కాకపోవడం, ఇప్పట్లో హాజరయ్యే సూచన లేకపోవడం, ఆయనను జాబితా నుంచి తొలగించే ధైర్యం సిబ్బందిలో ఎవరికీ చాలకపోవడం గురించి.

కేసముద్రం గోదాము గేటు గుమాస్తా వెంకట్రాజం వ్రాసుకున్న అర్జీ. ఇరవై ఏడేళ్లుగా గేటు రిజిస్టరు నా చేతిలో ఉన్నది. రైతు పేరు, తండ్రి పేరు, ఊరు, సరుకు, బస్తాలు. ఈ అయిదు గళ్లలో కొట్టివేత అన్నది లేదని తమకు ముందు పనిచేసిన ఆరుగురు అధికారులు సంతకాలు చేసి ఉన్నారు. తప్పు నాది కాదనడానికి ఈ మాట వ్రాయడం లేదు. తప్పు నాదే. అది కూడా కొట్టివేత లేకుండానే చేశాను.

1. మాది తాతల నాటి నుంచి కిరాణా కొట్టు. ఖాతా పుస్తకంలో ఏ రోజు పేజీనీ ఖాళీగా వదలరాదని మా బాపు పెట్టిన నియమం. బేరం లేని రోజున దేవుడి పేరైనా వ్రాసి పేజీ మూయాలి. “తెల్ల కాయితం ఇడిస్తే కొట్టు తెల్లబోతది బిడ్డా” అనేవాడు. ఆ అలవాటు కొద్దీ, మొన్నటి సకల జనుల సమ్మెలో గేటు మూసి ఉన్నన్నాళ్లు, అంటే ఆదివారాలు, దసరా పోను ముప్పై అయిదు రోజులు, రోజుకొక పద్దు వ్రాశాను. రైతు పేరు: జై తెలంగాణ. తండ్రి పేరు: సకల జనులు. ఊరు: పది జిల్లాలు. సరుకు: సమ్మె. బస్తాలు: సున్న. సమ్మెలో ఉన్నవాడివి పనికెందుకు వచ్చావని తాము అడగవచ్చు. పని చేయలేదయ్యా. పేజీ నింపి, మళ్లీ పోయి దీక్షా శిబిరంలో కూర్చున్నాను.

2. సమ్మె ముగిశాక తాము పంపిన సాఫ్ట్‌వేర్ వచ్చింది. అది మన గోదాములో ఉండదట, క్లౌడ్‌లో ఉంటుందట. కంప్యూటర్ ఆపరేటర్ నిఖిత, తరిగొప్పుల అమ్మాయి, ఏడాది రిజిస్టరంతా ఎక్సెల్ షీటులోకి ఎక్కించింది. ఉన్నది ఉన్నట్టు ఎక్కించమని తమ సర్క్యులరు. ఉన్నది ఉన్నట్టే ఎక్కించింది. “గిదేంది బిడ్డా, గీయిన రైతు కాదని తెల్వదా?” అని అడిగాను. “తెల్సు సార్. కాని గా పేరు ఇడిసిపెట్టుమంటే చెయ్యెట్ల వస్తది?” అన్నది. వ్రాసిన చెయ్యి నాదే కదా.

3. ఆ షీటును సాఫ్ట్‌వేర్‌లోకి పంపించగానే, ముప్పై అయిదు పద్దులూ ఒక్క మనిషివేనని అది గుర్తించి, ఆయనకు సభ్యత్వం ఇచ్చేసింది. దాని తెలివిని మెచ్చుకోవాల్సిందే. గేటుకు ఎక్కువసార్లు వచ్చిన రైతుకు మొదటి టోకెన్ అని తాము పెట్టిన నిబంధన. మామూలు రైతు ఏడాదికి నాలుగైదుసార్లు వస్తాడు. కాబట్టి ఒకటో నంబరు ఈయనకే దక్కింది. ఒకటో నంబరు సరుకు కాంటా మీదికి ఎక్కనిదే రెండో నంబరు టోకెన్ బయటికి రాదు. టోకెన్ లేనిదే కాంటా పెట్టరాదని తమ ఉత్తర్వు గోడకు అంటించి ఉన్నది. నాలుగు రోజులుగా కాంటా ఊరికే ఊగుతున్నది. సమ్మె విరమించామని మనుషులకు చెప్పాం గానీ కంప్యూటరుకు ఎవరూ చెప్పలేదు.

4. తొలగించడానికి ప్రయత్నించలేదా అంటే, ప్రయత్నించాం. అది ఇంగ్లీషులో ఒక ప్రశ్న అడిగింది. నిఖిత తెలుగులో చదివి వినిపించింది: “జై తెలంగాణను శాశ్వతంగా తొలగించాలా? అవును, కాదు.” చదివి కుర్చీలోంచి లేచింది. “నేనైతే ఒత్తను సార్. మీరు పెద్దోళ్లు, కూసోండ్రి” అన్నది. కూర్చున్నాను. వెనుక హమాలీ మేస్త్రి భిక్షపతి, చేతిలో బస్తాల కొక్కెంతో నిలబడి, “ఒత్తు సేటూ, ఒత్తు. జర మేం గూడ సూస్తం” అన్నాడు. నా భార్య రుక్మిణమ్మ సమ్మె నాడు నడిరోడ్డు మీద వంటావార్పులో రెండు వందల మందికి వండిన మనిషి. ‘అవును’ నొక్కి ఇంటికి పోతే నాకు ఆ పూట బువ్వ పుట్టదు. ‘కాదు’ నొక్కాను. అది ఊరుకోక మళ్లీ అడిగింది. పదకొండుసార్లు నొక్కాను.

5. ఇందువల్ల నష్టపోతున్నది రెండో నంబరు రైతు సోమ్లా. తండా నుంచి నలభై బస్తాల మక్కలు తెచ్చి యార్డులో కుప్ప పోశాడు. టార్పాలిన్లు ఆరే ఉన్నాయి, ఆరూ వేరే కుప్పల మీద ఉన్నాయి. అతని భార్య ద్వాళి ఇంట్లోని బొంతలన్నీ తెచ్చి కప్పింది. మొన్న చినుకులు పడ్డాయి. కుప్ప అడుగున చెయ్యి పెడితే వేడి తగులుతున్నది. ఇంకో వాన పడితే అవి కోళ్లకు తప్ప ఎవరికీ పనికిరావు. “మన పేర్లన్ని మబ్బుల పెట్టిండ్రట గద సారూ. గా మబ్బేనా గిప్పుడు కురిసేది?” అని ద్వాళి అడిగింది. సోమ్లా మాత్రం గేటు దగ్గరికి వచ్చి, మర్యాదగా, “ఒకటో నంబరాయిన ఎప్పుడొస్తడట?” అన్నాడు. అయ్యా, ఆ ప్రశ్నకు ఢిల్లీలోనే జవాబు లేదు. గేటు గుమాస్తా ఏం చెప్పగలడు? సిగ్గేసి తలుపు చాటుకు పోయాను.

కావున తాము వరంగల్‌లోనే కూర్చుని, తమ కంప్యూటరులో, తమ స్వహస్తంతో ‘అవును’ నొక్కగలరు. నొక్కిన పక్షంలో కొన్నాళ్లు కేసముద్రం తనిఖీకి రాకుండా ఉండడం మంచిదని మనవి. అంత పని ఎందుకనుకుంటే, ఈ ఒక్క వారం పాత కాగితపు చీటీల మీద కాంటా పెట్టుకోనివ్వండి. ఇదివరకటి అర్జీల మీద టీ గ్లాసు పెట్టినట్టు దీని మీద పెట్టక, మక్కలు మొలకెత్తే లోపల చిత్తగించవలెను.

సమ్మె రోజులు మినహా మిగతా అన్ని రోజులూ
తమ విధేయుడు,
వెంకట్రాజం,
గేటు గుమాస్తా.

తా.క.: కవరు అంటించేలోగా నల్లగా మబ్బు పట్టింది. సోమ్లా ఒక బస్తా భుజాన వేసుకొని నేరుగా కాంటా దగ్గరికి వచ్చాడు. “గిది ఆయన పేరు మీద జోకుండ్రి” అన్నాడు. “నీ బస్తా పోతది గదరా” అన్నాను. “ఆయన కోసం ముప్పై అయిదు దినాలు పని బందు వెట్టినం. ఒక్క బస్తాకు నేను సస్తనా?” అన్నాడు. భిక్షపతి కొక్కెం పక్కన పడేసి, ఆ బస్తాను పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తి కాంటా మీద పెట్టాడు. నిఖిత ఎక్కించింది. సరుకు: మక్కలు. బస్తాలు: ఒకటి. రెండో నంబరు టోకెన్ టక్కున బయటికి వచ్చింది. వాన దిగేలోగా కుప్పంతా గోదాములోకి చేరింది, అడుగున మొలకెత్తిన రెండు బస్తాలు తప్ప.

ఇక ఈ అర్జీ అవసరం లేదు. అయినా నింపిన పేజీని పారేయడం మా ఇంటా వంటా లేదు కాబట్టి పంపుతున్నాను. ఒకటో నంబరు రసీదు కూడా వచ్చింది. దాని మీద సభ్యుడి సంతకమో వేలిముద్రో కావాలట. రిజిస్టరులో ఆ ముప్పై అయిదు పేజీల మధ్య భద్రంగా పెట్టాను. నాకింకా మూడేళ్ల సర్వీసు ఉన్నది. ఆలోపు ఆయనే వచ్చి సంతకం పెడతాడు.