లైన్లో లేని ఇల్లు

బాపూ,

నువ్వు లేని తొలి ఎండాకాలం ఇది. మార్కెట్ హమాలీల కోసం నువ్వు పెట్టినట్టే ఇంటిముందు పందిరేసి నీళ్లకుండ పెట్టాను.

మన బజారుకు కొత్త రూల్స్ వచ్చాయి. ఇక అందరూ రోడ్డు అంచుకే కట్టాలట. పాత రూల్‌కు కట్టుబడి ముందు జాగ వదిలింది ఈ వరుసలో నువ్వొక్కడివే. రోడ్డు మీదికి జరిపి కట్టినవాళ్లవన్నీ ఇప్పుడు సక్రమమైన కట్టడాలు!

పై అంతస్తుకు పర్మిషన్ అడిగితే నిన్న ఆఫీసరొచ్చాడు.

"మీ ఇల్లే లైన్ల లేదమ్మా. ముంగటికి జరిపి కడితెనే పర్మిషన్."

నా ఒళ్లు మండింది. వాదించీ వాదించీ గొంతెండి, ఆయనే నీళ్లడిగాడు. ముంచి ఇచ్చాను.

"చల్లగున్నయా సారూ? మా బాపు ఈ జాగ ఇడ్సకపోతే మీరు నడిరోడ్డు మీద ఎండల నిలవడి తాగుదురు."

ఆయన తాగేసి మళ్లీ గ్లాసు చాపాడు. నువ్వైతే పోసేవాడివి.

నేను పోయలేదు.