ఇరవై ఎనిమిది సెకన్ల ‘స’

జూలై 19

ఈరోజు ఇరవై ఎనిమిది. నిన్న ఇరవై ఏడు. బాగుంది.

తాత పొద్దున్నే పెరటి అరుగు మీద కూర్చుని సన్నాయి ఊదుతాడు. మొదట ‘స’ పట్టి ఒక్క ఊపిరిలో ఎంతసేపు నిలపగలిగితే అంతసేపు నిలుపుతాడు. నేను వంటింటి కిటికీ వెనక నిలబడి ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కుతాను. ఆయనకి తెలీదు. తెలిస్తే నాకోసం సాగదీస్తాడు, అప్పుడు లెక్క పనికిరాదు. డెబ్బై ఒకటి, పైగా షుగరు. ఈ కొత్త జబ్బు ఊపిరితిత్తుల్నే పట్టుకుంటుందని న్యూస్‌లో రోజూ... తాత పనే ఊపిరితో.

ఈ పుస్తకం ఫిజిక్స్ రికార్డు అట్టలో ఉంది. తెలుగులోనే రాస్తున్నాను. నా తెలుగు రాత కోడి గెలికినట్టు ఉంటుందని స్కూల్లో మేడమ్ అనేది. మంచిదే. ఎవరూ చదవలేరు.

జూలై 20

రూల్స్ బాగా నడుస్తున్నాయి. గుమ్మం బయట సబ్బు, బకెట్. పాల ప్యాకెట్టు కడిగాకే లోపలికి. నాన్న గరివిడి ఫ్యాక్టరీ నుంచి రాగానే నేరుగా పెరట్లోకి — స్నానం, బట్టలు సర్ఫు నీళ్లలోకి. ఇవాళ గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“మా ఇంట్లోకి రావడానికి నాకు వీసా ఇచ్చీవోలు ఎవులమ్మా?”

“ముందు సబ్బు రాసీ నాన్నా. తర్వాత మాటాడు.”

అమ్మ వంటింట్లోంచి — “దీనికి పెళ్లి సేసినామంటే అత్తోరిల్లంతా ఉడకబెట్టీస్తాది.”

నాకు నవ్వు రాలేదు. కానీ ధైర్యం వచ్చింది. నలుగురు మనుషులు, ఒక గుమ్మం. కాపలా కాయగలను.

జూలై 22

ఇరవై ఎనిమిది.

జూలై 23

డోలు వాయించే సూరి మావయ్య వచ్చాడు. మాస్కు గడ్డం కింద ఉంది. గేటు బయటే ఆపి పైకి లాగమన్నాను. “ఒలే గుంటా, ముప్పై ఏళ్లు మీ తాత పక్కన కూకుని డోలు వాయించినోడిని. నన్నూ ఈదిలోనే ఆపీస్తావేటి?” లాగాడు గానీ.

కొత్తవలసలో పెళ్లంట, ఇరవై తొమ్మిదిన. ఆ పెళ్లికూతురి అమ్మ పెళ్లికీ, అమ్మమ్మ పెళ్లికీ తాతే ఊదాడు. యాభై మందే వస్తారంట. యాభై మందే...

తాత ముఖం వెలిగిపోయింది. నాలుగు నెలలైంది ఆయన జనంలో ఊది. “మనం ఎల్లకపోతే సెల్‌ఫోన్లో సన్నాయి ఎట్టీసి తాళి కట్టించీస్తారట్రా సూరీ. సూడగలమా?”

“ఎల్దాం మావా.”

అమ్మ వద్దంది. నాన్న వద్దన్నాడు. నేను షుగరు గురించి, వైరస్ గురించి పదిహేను నిమిషాలు చెప్పాను. తాత మధ్యలో ఆపకుండా విన్నాడు. “అయ్యన్నీ నిజిమేనే. నా పట్టుపంచె ఇస్త్రీ సేయించు.”

జూలై 26

సన్నాయి ఊదేవాళ్లు మాస్కు పెట్టుకోలేరు. గట్టిమేళం ఊదాక తాత ఎంత గట్టిగా గాలి లాగుతాడో నాకు తెలుసు. యాభై మంది వదిలిన గాలి.

మాటలతో అయ్యేది కాదు.

జూలై 27

చేసేశాను.

సన్నాయి ఎంత పెద్దదైనా, నోట్లో పెట్టుకునే ఆ చిన్న రెల్లు పీక లేకపోతే ఉత్త కర్ర. తాతకి ఆరు పీకలున్నాయి, అన్నీ తన చేత్తో చెక్కుకున్నవే, ఇత్తడి డబ్బాలో. ఆ డబ్బా ఇప్పుడు నా ప్యాడ్స్ ప్యాకెట్లో, అట్టడుగున. మా ఇంట్లో మగవాళ్లు ఆ ప్యాకెట్టు వైపు చూడను కూడా చూడరు.

ఆ ప్యాకెట్టుని నా బీరువాలో బట్టల వెనక్కి తోసేశాను. ఇది తప్పు కాదు. రూలే. ఇంకొక రూల్.

రేపట్నుంచి ‘స’ లెక్క కూడా ఉండదు — అది ఆలోచించలేదు.

జూలై 28

వెతుకుతున్నాడు. అటక, బియ్యం డబ్బా, దేవుడి గూడు, నాన్న స్కూటరు డిక్కీ. ఎవర్నీ తిట్టడం లేదు. “వయసైపోనాది. ఎక్కడో ఎట్టీసి మర్సిపోనాను.” తిడితే బాగుండును.

నేనూ వెతికాను. అంటే, వెతికినట్టు...

జూలై 29

సూరి మావయ్య బొబ్బిలి నుంచి ఇంకో సన్నాయి ఆయన్ని పిలిపించుకుని పెళ్లికి వెళ్లాడు. తాత అన్నం వద్దన్నాడు, మజ్జిగ మాత్రం తాగాడు. ముహూర్తం వేళకి అరుగు మీద కూర్చుని తొడ మీద వేళ్లు ఆడించాడు. మొత్తం పెళ్లి అలాగే ఊదేశాడు, చప్పుడు లేకుండా.

ఇంట్లో ఉన్నాడు. అదే నాకు కావలసింది. గెలిచాను.

జూలై 30

నేను స్నానం చేస్తుండగా సూరి మావయ్య వచ్చి వెళ్లాడంట. గేటు బయటే నిలబడ్డాడు, మాస్కు ఉంది అని అమ్మ చెప్పింది. సరే అనుకున్నాను.

ఇంతలో పెరట్లోంచి ‘స’.

తడి జుట్టుతోనే పరుగెత్తాను. తాత నవ్వుతున్నాడు. “సూరిగాడు బొబ్బిలాయన్ని అడిగి ఒక పీక తెచ్చాడే నాకోసం. పెళ్లిలో ఆయన ఊదిందే. మంచి పీక.”

సన్నాయి వాళ్లు ఒకరి పీక ఇంకొకరు నోట్లో పెట్టి చూసుకోవడం మామూలే. గుడ్డతో తుడుస్తారు, అంతే. చిన్నప్పట్నుంచి చూస్తున్నాను. పాల ప్యాకెట్టు కడిగాను. తాళంచెవులు కడిగాను. ఇది మాత్రం నా బుర్రకి తట్టలేదు.

“బావోనేదేటి?”

“బాగుంది తాతా.”

స్టాప్‌వాచ్ నొక్కలేదు.

ఆగస్టు 3

బొబ్బిలాయనకి పాజిటివ్. సూరి మావయ్య ఫోన్. ఒకటే మాట మళ్లీ మళ్లీ. “నా సేత్తో తెచ్చిచ్చానే గుంటా...”

మావయ్య చేత్తో కాదు. నేను దాచకపోతే బొబ్బిలాయన ఆ పెళ్లికే వచ్చేవాడు కాదు. తాత తన పీకే తన నోట్లో పెట్టుకునేవాడు.

ఎవరికీ చెప్పలేదు.

ఆగస్టు 4

ఏడవడానికి టైము లేదు. తాత పెరటి వైపు గదిలోకి మారాడు. కిటికీలు రెండూ తెరిచే ఉంచాం. కంచం, గ్లాసు, బకెట్ వేరు. ఇంట్లో కూడా అందరికీ మాస్కులు. బొబ్బిలాయన పీకని కవర్లో కట్టి పారేశాను. ఇవన్నీ నాకు వచ్చు. నాలుగు నెలలుగా చేస్తున్నదే.

మా ఊరి హెల్త్ సెంటర్ నర్సు, ఏఎన్ఎం అక్క, తాతని టెస్టుకి తీసుకెళ్లింది. రిజల్టుకి రెండు మూడు రోజులు పడుతుందంట. వేలికి పెట్టే ఆక్సిమీటరు ఇచ్చింది. తొంభై నాలుగు కంటే తగ్గితే వెంటనే ఫోన్ చెయ్యమంది. స్టాప్‌వాచ్ సంగతి ఆమెకొక్కదానికే చెప్పాను. “దాన్ని నమ్ముకోకమ్మా. మిషను సూడు.”

తొంభై ఆరు.

ఆగస్టు 5

గొంతు గరగరగా ఉందన్నాడు. జ్వరం లేదు. తొంభై ఆరు.

సాయంత్రం కిటికీకి దూరంగా నిలబడి చెప్పేశాను. “తాతా, నీ పీకలు పోలేదు. నేనే దాచీసాను.”

మంచం దిగి కిటికీ దగ్గరికొచ్చాడు.

“ఎక్కడ?”

“సెప్పను.”

“అటక మీద సూసాను. దేవుడి గూట్లో సూసాను. నీ పుస్తకాల సంచీ కూడా సూసాను.”

నా సంచీ. అంటే అప్పుడే అనుమానం వచ్చింది. ఈ రికార్డు కూడా తెరిచాడా... అడగలేదు.

“నావల్లే నీకు...” అన్నాను.

“ఎవుడి పీకంటే ఆడి పీక నోట్లో ఎట్టుకున్నది నేను. అది నా తప్పు. ఆ పెళ్లి పోగొట్టినావు సూడు, అది నీ తప్పు. అది మర్సిపోను.” కిటికీ ఊచ పట్టుకుని — “నా పీకలు నాకిచ్చీ.”

ఆగస్టు 6

డబ్బా గది బయట కుర్చీ మీద పెట్టి, తలుపు తట్టి, వెనక్కి వచ్చేశాను. అది నా బీరువాలోంచి రావడం అమ్మ చూసింది. “ఎక్కడెట్టినావే?” చెవిలో చెప్పాను. మాస్కు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, “తాతకి మాత్రం సెప్పకు. మళ్లీ ముట్టుకోడు,” అంది.

తొంభై ఆరు. రిజల్టు రాలేదు.

ఆగస్టు 7

పొద్దున తొంభై ఐదు. ఏఎన్ఎం అక్కకి చెప్పాను. పరవాలేదు, మధ్యాహ్నం మళ్లీ చూడమంది. రాసుకున్నాను.

పీక నీళ్లలో నానబెడుతున్నాడు. కిటికీలోంచి కనబడుతోంది. “దొంగలాగ వంటింటి కిటికీ ఎనకాల కాదు. ఫోనట్టుకుని ఇటొచ్చి నిలబడు.”

తెలుసన్నమాట. ఎప్పట్నుంచో. మరి ఆ ఇరవై ఎనిమిదులన్నీ...

“సాగదియ్యకు తాతా. మామూలుగానే ఊదు.”

“నోరు మూసుకుని లెక్కెట్టు.”

పెరట్లో జామచెట్టు దాకా వెనక్కి జరిగి నొక్కాను. పదిహేను దాకా గట్టిగా ఉంది. పంతొమ్మిది దగ్గర కొంచెం వణికింది, మళ్లీ నిలబడింది. ఇరవై నాలుగు. మిషనునే నమ్మాలి, తెలుసు. అయినా ఇరవై నాలుగు. తగ్గినట్టా? గొంతు బాలేనప్పుడు అంతేనా?

జామచెట్టు కింద కూర్చుని ఇదంతా రాస్తున్నాను. లోపల అమ్మ ఫోన్ మోగుతోంది. ఏఎన్ఎం అక్క నంబరేనని అమ్మ పిలుస్తోంది. తాత మళ్లీ ‘స’ పట్టాడు.

ఇది అయ్యాక వెళ్తాను.