వాగులో మిగిలిన చప్పుడు

శీనన్నా,

నాకు మైకు పట్టుకోవడం నేర్పిన నువ్వు పోయి నేటికి ఏడాది. ఏజెన్సీ కొండవాగులో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి నువ్వు రికార్డు చేసిన కప్ప అరుపును మొన్న ఫిల్మ్‌నగర్ స్టూడియోలో వాన సీనుకు పెట్టాను. డైరెక్టర్ మొహం చిట్లించాడు.

"ఆ టిక్కుటిక్కు ఏంటండీ? మైకు పాడైందా?"

"గదే కప్ప సార్. ఆ ఒక్క వాగులనే ఉంటది."

"కప్పంటే బెకబెకమనాలి కదండీ! అది తీసేసి మామూలు కప్పలు వేయండి."

తీసేశాను. నీ రికార్డింగులో ఉత్త నీటి చప్పుడు మిగిలింది.

మనసొప్పక నీ మైకు తీసుకుని ఆ వాగుకే వెళ్ళాను. పైన రిసార్టు కట్టారు. చీకటి పడ్డాక కూడా చాలాసేపు రికార్డు చేశాను.

తిరిగొచ్చి కప్పను తీసేసిన నీ రికార్డింగూ, నా కొత్తదీ వరసగా విన్నాను. ఏది స్టూడియోలోదో, ఏది వాగులోదో తేడా తెలియలేదన్నా.