వంక పెట్టినవాళ్ళకే కుర్చీ

నాన్నా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. తణుకులో మన బట్టల కొట్టు బాబాయి చూసుకుంటున్నాడు. నేను రాజమండ్రి కాలేజీలో ఇంకా చివరి బెంచీలోనే, పక్కన ఎవరూ కూర్చోకుండా బ్యాగు పెట్టుకుని కూర్చుంటున్నాను.

పోయిన వారం లెక్కల మేడంగారు సెమినార్ నన్ను చెప్పమన్నారు. అరవై మందిలో నేనే ఎందుకు గుర్తొచ్చాను? తండ్రి లేని పిల్లనని జాలిపడి ఉంటారు. లేదా అమ్మే చెప్పించి ఉంటుంది. ఆదివారం ఇంటికి వెళ్ళి అడిగేశాను.

"మేడంగారికి ఫోన్ చేశావా?"

"ఆవిడ నంబరు నా దగ్గరెక్కడుందే?"

అమ్మ స్నానానికి వెళ్ళగానే ఫోన్ తీసి చూశాను. ఏమీ లేదు. చెరిపేసిందేమో.

ఇవాళ సెమినార్ చెప్పాను. అందరూ సూపర్ అన్నారు. ఒక్కరినీ నమ్మలేదు. చీర బాగుందండీ అని మెచ్చుకునేవాళ్ళు కొనరని నువ్వే కదా చెప్పేవాడివి. అంచు సన్నమనీ, రంగు పోతుందేమోననీ వంకలు పెట్టేవాళ్ళకే కుర్చీ వేయించేవాడివి.

క్లాసు అయ్యాక ముందు బెంచీ శ్రావణి నోట్సు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"రెండో లెక్కలో మైనస్ మర్చిపోయావు. అది సరిచేసి మొత్తం మళ్ళీ చెప్పవా? పరీక్షలో నీ పద్ధతిలోనే రాస్తాను."

ఆ పిల్ల మొహంలోకి కాసేపు అనుమానంగానే చూశాను. జాలి ఎక్కడా కనబడలేదు.

బ్యాగు తీసి కింద పెట్టి, కూర్చోమన్నాను.