మా కొట్టు ఎదుటి పోస్టరు

ఆరోగ్యశాఖ అధికారిగారికి,

మా దర్జీ కొట్టు ఎదుటి గోడ మీద మీరు అంటించిన పోస్టరును పీకేయమని వీధివాళ్ళు సంతకాలు చేసి పంపారు. ఒక్కో వీధిలో ఒక్కో పనివాళ్ళ పేరు పెట్టారట; మా వీధిదాని మీద "దర్జీలు చావాల్సిందే" అని పెద్ద అక్షరాలు. కింద చిన్నగా, "దారుణంగా ఉందా? ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చినవాళ్ళను మనం అనేది ఇదే."

మా ఆయనకు ఆ జబ్బే. మొదటి సంతకం పక్కింటి మాస్టారిది. మొన్న పరామర్శకొచ్చి, "సిగరెట్లు కాల్చావుగా, అనుభవించు" అన్నది ఆ పెద్దమనిషే. నిన్న నాతో, "ఏం రాతలమ్మా అవి, మీ మనసు నొచ్చుకోదూ?" అన్నాడు.

మా ఆయన సిగరెట్లు కాల్చిన మాట నిజమే. అందుకని చావాల్సిందేనా?

దయచేసి ఆ పోస్టరు తీయించకండి. ఆయన పోయిన రోజున వచ్చేవాళ్ళంతా దాన్ని చదివాకే లోపలికి రావాలి.

ఇట్లు,
దర్జీ భార్య