పొడి రంగు వేసిన వీధి

నానక్‌రామ్‌గూడ

బాబాయి గారికి,

పిన్ని పెద్దకర్మకి నేను రానిది సెలవు దొరక్క కాదు, మీ మొహం చూడలేక.

వరద రోజు ఉపగ్రహ చిత్రం చూసి, పడవలు ఎక్కడికెళ్ళాలో పటం గీసింది నేనే. కొబ్బరాకుల కింద నీళ్ళు మా ఉపగ్రహం రాడార్‌కి కనపడవు. అందుకే పటంలో మీ వీధికి నీళ్ళు లేవని పొడి రంగు వేశాను. ఏడాది పొడుగునా నీళ్ళుండే రొయ్యల చెరువులకి మునిగిన రంగు వేశాను. పడవలు అక్కడికే వెళ్ళాయి.

మీరు ఫోన్ చేసి నడుము లోతు నీళ్ళొచ్చాయంటే, "లేవు బాబాయ్, నేను చూస్తున్నాగా" అన్నాను.

పటం త్వరగా ఇచ్చామని మా ఆఫీసులో కేకు కోశారు. నేనూ తిన్నాను.

పడవ ఎందుకు రాలేదని తమ్ముడు అడిగితే, మీరు గాలివానని తిడుతున్నారట. నా పేరు చెప్పండి బాబాయ్.

మీ అన్నగారమ్మాయి