ఈలా లేదు, గోలా లేదు

బావమరిదికి, బావ దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం. అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను. నిన్ను షెడ్డులోంచి పొమ్మన్నవాడు నీ క్షేమం తలిచేదేమిటని కలం ఒక క్షణం ఆగింది. అయినా రాశాను, మర్యాద మర్యాదే కదా.

నీ ఉత్తరం అంది పదకొండు రోజులైంది. అడిగినవాటికి వరసగా జవాబు చెబుతాను. మీ అక్క మోకాలి నొప్పి తగ్గింది. నాతో మాట్లాడుతోందా అని అడిగావు. మాట్లాడుతోంది. "భోజనం పెట్టాను", "తలుపు వేయండి", అంతే. నీ పానాల పెట్టె ఎవరూ ముట్టలేదు. షెడ్డు వెనక రేకు ఇంకా కారుతూనే ఉంది, అతుకు వేస్తానన్న మనిషి లేడుగా.

ఇక చివరి ప్రశ్న. కొత్త గ్యారేజీ యజమాని "పికప్ ఇంజను కాల్చింది నువ్వేనటగా, మీ బావ చేత ఒక ముక్క రాయించుకు రా" అన్నాడని రాశావు. నేనన్న మాట నీకంటే ముందే ఆ ఊరు చేరిందన్నమాట. దానికి జవాబుంది. ముందు ఈ మధ్య జరిగింది చెప్పనీ.

కూరగాయల ఆసామి డీజిల్ పికప్పే మళ్ళీ వచ్చింది. ఇంజను కొత్తగా కట్టి ఇచ్చి ఆరు నెలలు కాలేదు, అప్పుడే నల్లపొగ. ఎత్తు ఎక్కనని మొరాయిస్తోంది. నేను అలవాటుగా స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకి, పిడి చెవికి ఆనించాను. "మేస్త్రీ, పోయినసారి చెవితోనే చూశావు. ఈసారి మీటరు పెట్టి చూడు" అన్నాడు ఆసామి. ఒళ్ళు మండింది. ఇరవై ఏళ్ళుగా అందరూ చెవి మేస్త్రీ అని పిలిచే మనిషిని కదా.

నువ్వు తెచ్చిన బూస్ట్ మీటరు సొరుగులోనే ఉంది, డబ్బా కూడా విప్పలేదు. టర్బో ఇంజనులోకి ఎంత గాలి తోస్తోందో ముల్లు చూపిస్తుంది బావా అని నువ్వంటే, "చెవిటోళ్ళకి కావాలిరా ముల్లు" అన్నాను. షెడ్డంతా నవ్వింది. పాపం, నువ్వూ నవ్వావు.

నేనే బిగించాను. ఇంజను మీది సన్నటి రబ్బరు పైపు కోసి, మధ్యలో మూడు మూతుల టీ ముక్క పెట్టి, దాన్నుంచి మీటరు పైపు లాగాను. సైలెన్సర్ వేడి తగలకుండా వైర్ల వెంబడి కట్టుకుంటూ, వైర్లు వెళ్ళే బెజ్జంలోంచే క్యాబిన్‌లోకి తెచ్చాను. మీటరు స్టీరింగ్ పక్కన కుదిరింది. ఇష్టం లేకపోయినా పని శుభ్రంగానే చేశాను.

బస్తాలు దించకుండా ఎత్తు రోడ్డెక్కించాం. ఆసామి తోలుతుంటే నేను ముల్లునే చూస్తున్నాను. ఇరవై దాకా పోవాల్సింది ఎనిమిది దగ్గర ఆగి వెనక్కి జారింది. అంటే గాలి దారిలోనే ఎక్కడో పోతోంది.

"ఆ ఈలేంటి మేస్త్రీ?"

"ఏ ఈల?"

"నువ్వు ఇంజను కట్టి ఇచ్చినప్పటి నుంచీ వేస్తోందిగా! టర్బో పాటేమో అనుకున్నా."

షెడ్డుకు తెచ్చి, టర్బో మూతి మూసి, కంప్రెసర్ గాలి పెట్టి, గొట్టాలకు సబ్బునీళ్ళు పూశాను. టర్బో నుంచి ఇంజనుకు పోయే పెద్ద గొట్టం అడుగున, క్లిప్పు చాటున బుడగలు లేచాయి. వేలెడు చీలిక. అంచుల్లో పాత మసి గట్టిపడి ఉంది. ఇంజను కాలిన రోజున కూడా ఉన్న చీలికే అది. తర్వాత ఆ గొట్టాన్నే తుడిచి మళ్ళీ బిగించింది నేనే. నీళ్ళ బకెట్టు తెచ్చిన మీ అక్క "ఈల వంటింట్లోకి వినబడుతోంది" అంది. నాకు బుడగలు మాత్రం కనబడుతున్నాయి.

ఆరోజు నువ్వు చెప్పావు. "బావా, ఎక్కడో ఈల వస్తోంది, బరువుతో వద్దు" అన్నావు. "ఈలా లేదు, గోలా లేదు, తోలు" అన్నాను. తోలావు. గాలి చాలక పిస్టను కరిగింది. నువ్వే తొక్కి తొక్కి ఇంజను చంపావని నలుగురిలో అన్నాను. వాళ్ళు నీకు ఇంజన్ల యముడని పేరు పెడితే కాదనలేదు.

ఇంతవరకూ రాసింది పొరపాటు అనుకో. నేను చేసిన తప్పు ఇంకొకటుంది. దానికి ఏడాది ముందే చెవి డాక్టరు చెప్పాడు, సన్నటి శబ్దాలు నాకిక వినబడవని. ఇంజను గురక వినబడుతుంది, ఈల వినబడదు. ఆ కాగితం మీ అక్కకు కూడా చూపించకుండా పాత బేరింగుల డబ్బాలో దాచాను. కాబట్టి నువ్వు ఈల అన్నప్పుడు, ఉండే ఉంటుందని నాకు తెలుసు. చెవి మేస్త్రీకి చెవి లేదని బయటపడటం కన్నా నీ పేరు పోవడమే నయమనిపించింది. బావమరిది బతక కోరు, దాయాది చావ కోరు అంటారు. నువ్వు సామెత నిలబెట్టావు. దాయాది పని నేను చేశాను.

చీలిక ఎప్పటిదని ఆసామి అడిగితే, "మొదటి నుంచీ ఉంది, వాడు చెప్పినా నేను వినలేదు" అన్నాను. అంతవరకే నోరు పెగిలింది.

రెండు కాగితాలు జతపరిచాను. ఒకటి డాక్టరుది. రెండోది మీ యజమానికి, ఇంజను కాల్చింది నేనని సంతకంతో. పదిమందికీ చూపించు. క్షమించమని అడిగే మొహం లేదు. నిజం చెప్పాలంటే నాకూ నీ మీద కోపముంది, ఆరోజు ఇంకొక్కసారి గట్టిగా అరవలేదేమని. అన్యాయమైన కోపమే, తెలుసు.

ఈ ఉత్తరం మీ అక్కకు చదివి వినిపించాను. బట్టలు మడతపెడుతూ విన్నది. తల ఎత్తకుండా సన్నగా ఏదో అంది. ఇన్నాళ్ళూ ఇలాంటప్పుడు ఊఁ అనేసి తప్పుకునేవాణ్ణి. ఈసారి దగ్గరకు వెళ్ళి, "ఏమన్నావు? నాకు వినబడలేదు" అన్నాను.

"'వినబడలేదు' అన్న ముక్కేదో ఆరోజు నా తమ్ముడితో అనుంటే సరిపోయేది కదండీ, అన్నాను" అంది.

ఇట్లు,
నీ మాట పెడచెవిన పెట్టిన
బావ